గోడ మీది బొమ్మ ఏ నేరం చేసింది?

ఈ మధ్య పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి కాగితాల మీద శ్రీ విజయపురం, మా నోటికి ఇంకా పోర్ట్ బ్లెయిరే) కుర్రవాళ్ళ ఇళ్ళకి వెళితే హాల్లో ఒక గోడకి స్ట్రీట్ ఆర్ట్ పోస్టర్లు కనిపిస్తున్నాయి. ఇటుక గోడ మీద స్ప్రే డబ్బాతో కొట్టినట్టు, రంగు కిందకి కారినట్టు, చిరిగిన సినిమా వాల్‌పోస్టర్ మీద ఇంకో బొమ్మ వేసినట్టు ఉంటాయి. బుద్ధుడికి హెడ్‌ఫోన్లు, గాంధీగారికి రంగు కళ్ళజోడు. మా తరం ఇళ్ళల్లో ఆ చోట శివకాశిలో అచ్చయిన దేవుడి కేలండరు ఉండేది, కిరాణా కొట్టువాడు ఊరికే ఇచ్చినది. ఇది మాత్రం కొనుక్కున్నది, మెయిన్‌లాండ్ నుంచి కొరియర్ ఖర్చు పెట్టుకుని మరీ తెప్పించుకున్నది.

దేవుడి కేలండరు పోయి వీధి బొమ్మ వచ్చిందంటే హేతువాదులకి ముచ్చటగానే ఉండాలి. అమ్మేవాడు బొమ్మ కింద రాసిన నాలుగు ముక్కలు చదవనంత వరకు ఉంటుంది కూడా.

నేను చదివాను. గ్రాఫిటీ స్టైల్లో పరుగెత్తే ఏడు గుర్రాలు. ఒక గోడకి పెడితే ఉద్యోగంలో ఎదుగుదలట, ఇంకో గోడకి పెడితే పేరు ప్రతిష్ఠలట. గుర్రాలు ఇంటి లోపలికి పరుగెత్తుతున్నట్టు ఉండాలి, గుమ్మం వైపు ఉంటే డబ్బు కూడా వాటి వెంట బయటికి పోతుందట. ఇంకోటి స్ప్రే పెయింట్ బుద్ధుడు. ఈయన 'నెగటివ్ ఎనర్జీ'ని పీల్చేస్తాడట. కోరికలే దుఃఖానికి మూలమని చెప్పినాయన చేత చివరికి ఈ పని చేయిస్తున్నారు. అదే సైజు, అదే కాగితం, అదే ఫ్రేము. వాస్తు మాట లేని పిల్లి బొమ్మ కన్నా వాస్తు మాట ఉన్న గుర్రాల బొమ్మ ఖరీదు రెండింతల పైన. ఆ పై డబ్బు ఏ సరుకుకి? రక్షణ శాఖ పద్దుల్లో జీవితం గడిపినవాణ్ణి. సరుకు చేరకుండా బిల్లు వస్తే నా చెయ్యి దానంతట అదే ఆగిపోతుంది.

వాస్తు అతి ప్రాచీనమంటారు కదా, కొంచెం తేదీలు చూద్దాం. మయమతం, మానసారం లాంటి గ్రంథాలు గుళ్ళ గురించీ ఇళ్ళ గురించీ కొలతలూ దిక్కులూ చెప్పాయి. వాటి కాలంలో అచ్చుబొమ్మ లేదు. మన దేశంలో రంగుల అచ్చుబొమ్మ సామాన్యుడి గోడకి ఎక్కింది 19వ శతాబ్దం చివర్లో. రవివర్మ బొంబాయిలో తన ప్రెస్సు పెట్టింది 1894లో. స్ప్రే పెయింట్ డబ్బా అయితే ఎడ్ సీమోర్ అనే అమెరికా పెయింటు వ్యాపారి 1949లో తయారుచేసినది. మరి స్ప్రే పెయింట్ గుర్రాన్ని ఏ గోడకి పెట్టాలో ఏ మహర్షి చెప్పాడు? కేటలాగు రాసినవాడు చెప్పాడు.

స్ట్రీట్ ఆర్ట్ పుట్టుక చూస్తే ఈ వ్యవహారం ఇంకా విడ్డూరంగా ఉంటుంది. 1960ల చివర్లో ఫిలడెల్ఫియా, న్యూయార్క్ కుర్రాళ్ళు గోడల మీద తమ పేర్లు రాసుకోవడంతో ఇది ఊపందుకుంది. ఎవరి అనుమతీ లేదు, పూజా లేదు, ముహూర్తమూ లేదు. పోలీసు వచ్చేలోగా పని ముగించి పారిపోవడమే ముహూర్తం. 1980లలో కీత్ హేరింగ్ న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్లలో ఖాళీగా ఉన్న ప్రకటన బోర్డుల మీద సుద్దముక్కతో బొమ్మలు గీశాడు. 1986లో పాప్ షాప్ అని కొట్టు తెరిచి, తన బొమ్మలు మామూలు జనం కొనగల ధరకి పోస్టర్లుగా, చొక్కాలుగా అమ్మాడు. కాబట్టి వీధి బొమ్మని పోస్టరు చేసి ఇంట్లో పెట్టుకోవడం ద్రోహం అని నేను అనను. అలా అనే కళాభిమానులు కొందరున్నారు, వాళ్ళ బాధ వేరు. నా పేచీ బొమ్మతో కాదు, బొమ్మకి అప్పగించే ఉద్యోగంతో.

మా ఊళ్ళో గోడల మాట వస్తే సెల్యులర్ జైలు గోడలే ముందు గుర్తొస్తాయి. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టిన జైలు, 693 గదులు. 1911 నుంచి 1921 దాకా అక్కడున్న సావర్కర్, కాగితం కలం లేక గోడ మీద గీకి పద్యాలు రాసుకుని కంఠస్థం చేశానని తన జైలు జ్ఞాపకాల్లో చెప్పుకున్నారు. ఆయన రాజకీయాలతో మనలో చాలామందికి పడదు, నాకూ పడదు, అది వేరే చర్చ. ఆ గోడ తనని విడిపిస్తుందని మాత్రం ఆయన అనుకోలేదు. రాసుకోవడానికి ఒక చోటు కావాలి, గోడ ఉంది. మన తెలుగు ఊళ్ళల్లో సున్నం మీద ఎర్ర రంగుతో గోడరాతలు రాసిన వామపక్ష కుర్రాళ్ళకీ, దేవుడు లేడని రాసిన నాస్తికులకీ గోడ అంతే. పదిమంది కంటపడే జాగా.

దీవుల్లోనే గోడ బొమ్మకి ఇంకో రకం చరిత్ర కూడా ఉంది. అది నికోబార్ వాళ్ళది. మధ్య నికోబార్ దీవుల్లో పూర్వం ఇంట్లో ఎవరైనా జబ్బుపడితే మెన్లువానా అనే మంత్రవైద్యుణ్ణి పిలిచేవారు. ఆయన చెప్పిన ప్రకారం చెక్క పలక మీదనో, పోకచెట్టు మట్ట మీదనో బొమ్మలు వేసి ఇంట్లో పెట్టేవారు. వీటిని హెంటా అంటారు. జబ్బు తెచ్చిన చెడ్డ ఆత్మలు వీటిని చూసి పోతాయని, మంచి ఆత్మలు సంతోషిస్తాయని నమ్మకం. 19వ శతాబ్దంలో ఇక్కడ బ్రిటిష్ అధికారిగా పనిచేసిన ఎడ్వర్డ్ హొరేస్ మ్యాన్ వీటి గురించి రాశాడు, కొన్ని సేకరించి ఇంగ్లండు మ్యూజియంలకి పంపాడు. మా ఊరి ఆంత్రోపలాజికల్ మ్యూజియంలో కూడా నికోబార్ వాళ్ళ ఆత్మల కొయ్యబొమ్మలు ఉన్నాయి. వచ్చినవాళ్ళు బీచికి పోయే తొందరలో అది వదిలేస్తారు, అది వాళ్ళ నష్టం.

హెంటా బొమ్మల్లో ఏముంటాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సూర్యుడు, చంద్రుడు, చేపలు, కొబ్బరిచెట్లు సరే. వాటి పక్కన తెరచాప ఓడలు, గడియారాలు, అద్దాలు, దుర్భిణీలు. మధ్యలో యూరోపియన్ దుస్తుల్లో ఓడ కెప్టెన్‌లా ఒక పెద్దమనిషి. ఆయన పేరు దెవుసె. పోర్చుగీసు వాళ్ళ దేవుడి పేరు అలా ఇక్కడ స్థిరపడింది. అంటే సముద్రం మీద బలవంతుడిగా కనపడినవాడి వేషాన్ని, సామాన్లని బొమ్మగా వేసి, ఆ బలం తమ ఇంటికి కాపలా కాస్తుందని అనుకున్నారు. బుద్ధుడి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి ఎనర్జీ పీల్చమన్న మన డిజైనరుకి ఇందులో చుట్టరికం కనపడటం లేదూ?

మా దీవుల తెలుగువాళ్ళల్లో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ వైపు. 2011 లెక్కల్లో దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఆ శ్రీకాకుళం ఏజెన్సీలోనూ, పక్కనున్న ఒడిశాలోనూ సవరలు ఇంటి గోడల మీద తెల్లటి ముగ్గుపిండి లాంటి రంగుతో బొమ్మలు వేసేవారు. అవి కూడా జబ్బు చేసినప్పుడు, పంటకీ కాన్పుకీ, పెద్దల ఆత్మల్ని తృప్తిపరచడానికి వేసినవే. వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన తన పుస్తకంలో వీటిని వివరంగా చెప్పాడు. ఇప్పుడవి గుడ్డ మీద, కాగితం మీద చక్కగా అమ్ముడవుతున్నాయి. కొనేవాళ్ళు అందం కోసం కొంటున్నారు. ఇది మంచి మార్పు. చిత్రం మిగిలింది, దాని మీది బరువు దిగింది. మన నగరాల పోస్టర్ల విషయంలో మాత్రం బండి వెనక్కి నడుస్తోంది. ఏ బరువూ లేకుండా పుట్టిన బొమ్మ మీద కొత్తగా బరువు పెడుతున్నారు.

సవరలనీ నికోబారీలనీ ఎగతాళి చేయడానికి ఇది చెప్పలేదు. మలేరియా దోమ వల్ల వస్తుందని 1897 దాకా ప్రపంచంలో ఎవరూ రుజువు చేయలేదు. జ్వరంతో బిడ్డ కాలిపోతుంటే, చేయగలిగిందేదీ లేనప్పుడు, తల్లిదండ్రులు చెక్క మీద ఓడ బొమ్మ వేయించారంటే నాకు అర్థమవుతుంది. చేతిలో ఫోను, నడక దూరంలో ఆస్పత్రి ఉన్న ఇంట్లో అదే పని జరుగుతుంటే అర్థం కావడం కష్టం.

'ఎవరికేం నష్టం, ఒక బొమ్మ పెట్టుకుంటే మనసుకి ధైర్యం, మీ హేతువాదులకి ఇదో పని' అంటారు. నష్టం ఏమిటో చెబుతాను. మాకు బాగా తెలిసిన ఒక అమ్మాయి, పేరూ వీధీ అక్కర్లేదు, రాయమని తనే చెప్పింది కాబట్టి రాస్తున్నాను. మా ఆవిడని పిన్ని అంటుంది, నన్ను బాబాయి అంటుంది. ఆమె పెళ్ళికి ముందే మొదటి జీతంతో ఒక పోస్టరు కొనుక్కుంది. బ్యాంక్సీ అనే పేరుతో చెలామణీ అయ్యే ఇంగ్లండు అజ్ఞాత చిత్రకారుడు 2002లో లండన్ గోడ మీద స్టెన్సిల్‌తో వేసిన బొమ్మ అది. నల్ల రంగులో చిన్నపిల్ల, గాలికి జుట్టూ గౌనూ ఎగురుతుంటాయి, చేయి చాచి ఉంటుంది, ఎర్రటి హృదయాకారపు బెలూన్ ఆ చేతికి అందకుండా పోతూ ఉంటుంది. ఆ పిల్ల బెలూన్‌ని వదిలేస్తోందా, పట్టుకోబోతోందా అన్నది చూసేవాళ్ళని బట్టి. పెళ్ళయ్యాక ఆ పోస్టరు కొత్త ఫ్లాట్‌లో హాలు గోడకి ఎక్కింది.

రెండేళ్ళ తర్వాత ఆమెకి మూడో నెలలో గర్భం పోయింది. అత్తగారు మెయిన్‌లాండ్ నుంచి వచ్చారు. సహాయానికే వచ్చారు, పథ్యం వండారు, రాత్రుళ్ళు పక్కనే పడుకున్నారు, ఆవిడ చెడ్డమనిషి కాదు. నాలుగో రోజున విశాఖలో ఉన్న ఒక వాస్తు సిద్ధాంతికి వీడియో కాల్ చేసి ఫోనుతో ఇల్లంతా తిప్పి చూపించారు. ఆయన వంటగది, నీళ్ళ ట్యాంకు దాటుకుని హాల్లోకి వచ్చి ఆ బొమ్మ దగ్గర ఆగాడు. చిన్నపిల్ల, చేయి జారిపోయే ఎర్రటిది, ఇదే దోషం, ఇది ఇంట్లో ఉండగా కడుపు నిలవదు అన్నాడు. ఫీజు ఫోన్‌లోనే కట్టించుకున్నాడు. బొమ్మ దిగింది. వారం తిరగకుండా ఆ మేకుకే ఏడు గుర్రాలు ఎక్కాయి.

ఆ అమ్మాయి ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి అడిగిన ప్రశ్న ఇది: "బాబాయిగారూ, ఆ బొమ్మ కొన్నది నేనే కదా?"

బొమ్మకి ఉద్యోగం అప్పగిస్తే జరిగేది ఇది. మంచి తెచ్చే శక్తి బొమ్మకి ఉందని ఒప్పుకున్నాక చెడు తెచ్చే శక్తి కూడా ఉందని ఒప్పుకోక తప్పదు. చెడు జరిగినప్పుడు బొమ్మ బోనులో నిలబడుతుంది. కాగితానికి శిక్ష వేయలేం కాబట్టి దాన్ని ఎంచుకున్న మనిషి ఆ బోను ఎక్కుతుంది. మన ఇళ్ళల్లో ఆ మనిషి ఎవరవుతుందో వేరే చెప్పాలా?

ఆ ఇంట్లో ఎవరూ వేయని లెక్క నేను వేస్తాను. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా నిలవవు. తొలి నెలల్లో పోయినవాటిలో దాదాపు సగం, పిండంలో క్రోమోజోముల సంఖ్య సరిగా కుదరకపోవడం వల్ల పోతాయి. అది తల్లి తిన్నదాని వల్లా కాదు, చూసినదాని వల్లా కాదు. బెలూన్ బొమ్మ ఉన్న ఇళ్ళల్లో వందమంది గర్భవతులయ్యారనుకోండి, ఆ బొమ్మ ఏమీ చేయకుండానే వాళ్ళల్లో పది పదిహేను మందికి ఈ దుఃఖం వస్తుంది. ఏడు గుర్రాలున్న ఇళ్ళల్లో వందమందికీ అంతే. బొమ్మ మీద నేరం మోపాలంటే నాలుగు గళ్ళూ నింపాలి: బొమ్మ ఉండి పోయినవి, బొమ్మ ఉండి నిలిచినవి, బొమ్మ లేక పోయినవి, బొమ్మ లేక నిలిచినవి. సిద్ధాంతి ఒక్క గడి చూసి తీర్పు చెప్పాడు. మిగతా మూడు గళ్ళూ ఆయన పంచాంగంలో ఉండవు.

డాక్టరమ్మ ఆ అమ్మాయితో నిజాయితీగానే చెప్పిందట: మీ విషయంలో కచ్చితంగా ఇదీ కారణమని చెప్పలేం, చాలామందికి జరుగుతుంది, తర్వాతిది మామూలుగా నిలిచే అవకాశమే ఎక్కువ అని. ఈ 'చెప్పలేం' అన్న మాటని ఇంట్లోవాళ్ళు భరించలేకపోయారు. మా పద్దుల్లో సస్పెన్స్ ఖాతా అని ఒకటి ఉంటుంది. ఏ పద్దు కింద రాయాలో ఇంకా తేలని మొత్తాన్ని అందులో ఉంచుతాం, తేలేదాకా అది అక్కడే ఉంటుంది. ఖాళీగా కనపడింది కదా అని ఏదో ఒక పద్దుకి తోసేస్తే దాన్ని లెక్క అనరు, తప్పుడు లెక్క అంటారు. కారణం తెలియని దుఃఖాన్ని కూడా సస్పెన్స్‌లో ఉంచడం నేర్చుకోవాలి. అది కష్టం, నాకు తెలుసు. కానీ ఆ కష్టాన్ని తప్పించుకోవడానికి ఒక ఇరవై ఆరేళ్ళ పిల్ల పేరు మీద దాన్ని రాసేయడం ఎంత దారుణం!

అత్తగారితో మాట్లాడాను. "మీకేం అన్నయ్యగారూ, మీరు నమ్మరు. జరిగింది మా ఇంట్లో" అన్నారావిడ. నిజమే. వాదన పెట్టుకోలేదు, ఒక్కటే అడిగాను. "అమ్మా, మీ అబ్బాయికి ఉద్యోగం పర్మనెంట్ అయినప్పుడు హాల్లో ఏ బొమ్మ ఉంది?" బెలూన్ బొమ్మే ఉంది. "మరి ఆ ఉద్యోగం?" ఆవిడ కాసేపు ఊరుకుని "అది వాడి కష్టం" అన్నారు.

గమనించండి. అదే గోడ, అదే మేకు, అదే బొమ్మ. జమ కొడుకు పేరు మీద, ఖర్చు కోడలి పేరు మీద. వాస్తు పుస్తకాల్లో దిక్కులు ఎన్నయినా ఉండనీయండి, చివరికి వేలు తిరిగే దిక్కు ఇదొక్కటే.

(అపశకునం అంటారు కాబట్టి ఇంకో లెక్క కూడా చెబుతాను. 2018 అక్టోబరు 5న లండన్‌లో సోథబీ వేలంలో ఇదే బెలూన్ పిల్ల బొమ్మ 10 లక్షల 42 వేల పౌండ్లకి అమ్ముడైంది. సుత్తి దెబ్బ పడగానే ఫ్రేములో దాచిన యంత్రం దాన్ని సగం దాకా ముక్కలుగా కత్తిరించేసింది. బ్యాంక్సీ చేసిన పనే. చిరిగిన ఆ బొమ్మని కొన్నావిడ అలాగే ఉంచుకుని 2021లో అమ్మితే 1 కోటి 85 లక్షల పౌండ్లు పలికింది. చేయి జారే బొమ్మ, అందులోనూ చిరిగినది, దాదాపు 18 రెట్లు! దీన్ని బట్టి ఆ బొమ్మ ధనలక్ష్మి అని నేనంటే మీరు నవ్వుతారు. నవ్వాలి కూడా.)

కొందరు చదువుకున్నవాళ్ళు వాస్తు అనరు, 'సైన్సే చెబుతోంది, బొమ్మలు మనిషి మీద ప్రభావం చూపిస్తాయి' అంటారు. రోజర్ ఉల్రిక్ 1984లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఆపరేషన్ అయిన రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనపడ్డ 23 మంది, ఇటుక గోడ కనపడ్డ 23 మంది కన్నా కొంచెం ముందు ఇంటికి వెళ్ళారని, నొప్పి మందులు తక్కువ వాడారని తేలింది. చిన్న పరిశోధన, అయినా ఆలోచించదగ్గది. కానీ అది చూసే మనిషి మనసు ద్వారా పనిచేసే ప్రభావం. చూడటానికి హాయిగా ఉంది, మనసు తేలికపడింది, అంతవరకు నాకేం అభ్యంతరం లేదు. గుర్రం ఉత్తరం గోడకుంటే మీ పై అధికారి ప్రమోషన్ ఆర్డరు మీద సంతకం పెడతాడన్నది ఏ మనసు ద్వారా పనిచేస్తుంది? ఆయన మీ హాలు చూడనే లేదు.

ఇంకోటి 2006లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసినది. టీ డబ్బులు వేసే డబ్బా పైన కళ్ళ బొమ్మ పెడితే, పువ్వుల బొమ్మ పెట్టినప్పటి కన్నా దాదాపు మూడు రెట్లు డబ్బులు పడ్డాయన్నారు. మన ఊళ్ళల్లో కాంపౌండు గోడలకి దేవుళ్ళ టైల్స్ అతికించి మూత్రం పోయకుండా చేసుకునేవాళ్ళకి ఇది భలే ఆధారంగా దొరికింది. తర్వాత చాలా ప్రయోగాలు కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో కళ్ళ బొమ్మలు ఉదారతని పెంచుతాయనడానికి ఆధారం నిలబడలేదు. ఆ టైల్స్ కింద తడి చూసినవాళ్ళకి ఆ విశ్లేషణ కూడా అక్కర్లేదు.

దీవుల్లో ఈ పోస్టర్ల విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. గాలిలో తేమ ఏడాది పొడవునా 80 శాతం అటూ ఇటూ. ఉప్పుగాలి సరే సరి. మెయిన్‌లాండ్‌లో పదేళ్ళు ఉండే పోస్టరు ఇక్కడ రెండు వానాకాలాలకి మచ్చలు పడుతుంది. వెనకాల అట్ట ఉబ్బుతుంది, మేకు తుప్పు పట్టి ఒక రోజు ఫ్రేము దబ్బున కింద పడుతుంది. బుద్ధుడి మొహం మీద నల్ల మచ్చలు వస్తే ఇంటికి దిష్టి తగిలిందని, ఫ్రేము పడితే కీడు అని మొదలుపెడతారు. అది బూజు. తేమ, కాగితంలోని జిగురు, గాలాడని చోటు, ఈ మూడూ ఉంటే ఏ బొమ్మకైనా పడుతుంది, పక్కనే ఉన్న తోలు చెప్పులకీ పడుతుంది. చెప్పులకి దిష్టి అని ఎవరూ అనరేం?

తెప్పించుకునేవాళ్ళకి పనికొచ్చే మాట చెబుతాను, కొంచెం డబ్బులు మిగులుతాయి. పిగ్మెంట్ ఇంకుతో అచ్చయినది అడగండి, డై ఇంకు త్వరగా వెలిసిపోతుంది. వెనక ప్లైవుడ్ కాకుండా ప్లాస్టిక్ రకం షీటు వేయించండి. వాన జల్లు కొట్టే బయటి గోడకి పెట్టకండి, లోపలి గోడకి పెట్టండి. ఫ్రేముకీ గోడకీ మధ్య వేలెడు సందు ఉంటే గాలి ఆడుతుంది. మేకు స్టెయిన్‌లెస్ స్టీలుది వాడండి. దిక్కు గురించి నేను చెప్పగలిగింది ఒక్కటే, నైరుతి రుతుపవనాలు ఏ దిక్కునుంచి వస్తాయో దాని పేరులోనే ఉంది.

ఏ బొమ్మ పెట్టుకోవాలన్నది నేను చెప్పేది కాదు. నాకు నచ్చినవి చెబుతాను. 1989లో ఎయిడ్స్ గురించి అమెరికాలో జనం గుసగుసలాడుకుంటూ రోగుల్ని వెలివేస్తున్నప్పుడు, ఆ రోగమే ఉన్న కీత్ హేరింగ్ ఒక పోస్టరు వేశాడు. కళ్ళు మూసుకున్నవాడు, చెవులు మూసుకున్నవాడు, నోరు మూసుకున్నవాడు, ముగ్గురు. తెలియనితనమూ మౌనమూ చేసే హాని గురించి. మరుసటి ఏడు హేరింగ్ పోయాడు, వయసు 31. రోగం చేసినవాణ్ణే దోషిని చేసే లోకానికి ఆ రోగే ఇచ్చిన జవాబు అది. మనదైతే, 2016లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు పక్కన ఎం.ఎస్. మక్తా బస్తీలో స్టార్ట్ ఇండియా వాళ్ళు ఇళ్ళ గోడల మీద పెద్దపెద్ద బొమ్మలు వేయించారు. అలాంటివాటి ఫోటో ప్రింటు పెట్టుకున్నా హాలు నిండుగా ఉంటుంది.

చట్టం మాట రెండు ముక్కల్లో. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, యంత్రాలకి అతీత శక్తులున్నాయని టీవీల్లో ప్రకటించి అమ్మడం చట్టవిరుద్ధమంది. మహారాష్ట్రకి 2013 నుంచి మూఢనమ్మకాల వ్యతిరేక చట్టం ఉంది కాబట్టి అక్కడ అది వీలైంది. మాకు అలాంటి చట్టం లేదు. ఉన్నదల్లా రాజ్యాంగంలోని 51ఎ(హెచ్), శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుడి విధి అని. విధే కానీ, అది నెరవేర్చనివాడికి శిక్ష లేదు.

అమ్మాయి ఇప్పుడు బాగానే ఉంది, స్కూలు పనికి వెళుతోంది. బెలూన్ బొమ్మ ఆమె బీరువా వెనక గుడ్డలో చుట్టి ఉంది, గుర్రాలు మేకు మీదే ఉన్నాయి. తీసేయమని నేను చెప్పలేదు. అది ఆ ఇంట్లోవాళ్ళు తేల్చుకోవాల్సిన విషయం, పైగా ఆ గుర్రాలు కూడా పాపం ఏ నేరమూ చేయలేదు.

నేను చేసినదల్లా గుర్రాలు అమ్మిన కంపెనీకి ఒక ఉత్తరం రాయడం. మూడే ప్రశ్నలు. ఉద్యోగంలో ఎదుగుదల అని మీరు రాసిన దానికి ఆధారం ఏమిటి? ఎన్ని ఇళ్ళల్లో చూశారు? ఎదుగుదల రానివాళ్ళకి డబ్బు వాపసు ఇస్తారా? మొదటి జవాబు కంప్యూటరు పంపింది, మీ ఆర్డరు నంబరు చెప్పండి అని. చెప్పాను. రెండో జవాబులో తర్వాతి కొనుగోలు మీద 15 శాతం తగ్గింపు కూపన్ వచ్చింది. మూడోసారి రిజిస్టర్డ్ పోస్టులో రాశాను, నకలు వినియోగదారుల విభాగానికి పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. వస్తే ఉన్నదున్నట్టు ఇక్కడే పెడతాను.